కోచ్ కొలువా, పి.డి. పోస్టా?

ఆటల చదువులు, ఆటల ఉద్యోగాల మీద పాఠకుల ప్రశ్నలకు కోనసీమలో డిగ్రీ కాలేజీ ఫిజికల్ డైరెక్టరుగా చేసి రిటైరైన మాస్టారి జవాబులు.

ప్రశ్న: మాస్టారూ, డిగ్రీ ఫైనలియర్ చదువుతున్నాను. నన్నయ యూనివర్సిటీ ఫుట్‌బాల్ టీముకి ఆడాను. కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ కావాలని ఉంది. మా నాన్నగారిది కొబ్బరి వ్యాపారం. “బంతి తంతే ఎవడిస్తాడ్రా జీతం, బ్యాంకు పరీక్షలకు కూర్చో” అంటున్నారు. ఏం చదవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థి, మలికిపురం

జవాబు: మీ నాన్నగారు అడిగింది సబబైన ప్రశ్నే బాబూ. అలగకు. లెక్క చెప్పి ఒప్పించు. ఆ లెక్క ఇదీ.

మన కాలేజీల్లో ‘ఫుట్‌బాల్ కోచ్’ అనే పోస్టు దాదాపు లేదు. ఉన్నది ఫిజికల్ డైరెక్టర్ (పి.డి.) పోస్టు. ఫుట్‌బాలూ ఆయనే, కబడ్డీ ఆయనే, చదరంగమూ ఆయనే. ఇంటర్ కాలేజియేట్ పోటీలకు ఎలిజిబిలిటీ ఫారాలు నింపడం, సంతకం కోసం ప్రిన్సిపాల్ గది ముందు పడిగాపులు కాయడం, తిరుగు బస్సులో పిల్లల్ని లెక్కపెట్టుకోవడం, మధ్యలో ఇన్విజిలేషన్ డ్యూటీ. ఇవన్నీ అయ్యాక సాయంత్రం ఎండ తగ్గాక మిగిలే గంటన్నరే కోచింగ్. ఆ గంటన్నర కోసమే నేను ఉద్యోగమంతా చేశాను కాబట్టి ఫిర్యాదేమీ లేదు. కానీ ఈ సంగతి తెలియకుండా దిగితే మాత్రం నీకు బెంగ పట్టుకుంటుంది.

పి.డి. దారి చదువు దారి. డిగ్రీ అవగానే వ్యాయామ విద్య కోర్సుల ప్రవేశ పరీక్ష పీఈసెట్ రాయి. అందులో పరుగు, షాట్‌పుట్, గెంతు, నీ ఆటలో నైపుణ్యం చూస్తారు. వ్యాయామ విద్యలో డిగ్రీ బి.పి.ఎడ్. రెండేళ్లు, పి.జి. అయిన ఎం.పి.ఎడ్. మరో రెండేళ్లు. పి.జి.లో 55 శాతం తగ్గకూడదు. ఆ పైన కాలేజీ కొలువులకు అర్హత పరీక్ష నెట్, లేదంటే ఆంధ్రా యూనివర్సిటీ నిర్వహించే రాష్ట్ర స్థాయి ఏపీసెట్. ఇంత చదివాక కూడా పరుగెత్తక తప్పదు. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ముప్ఫై ఏళ్లలోపు మగవాళ్లు 12 నిమిషాల్లో 1800 మీటర్లు పూర్తి చేయాలి. ఇప్పుడు నీకిది నవ్వులాట. నాలుగేళ్లు పుస్తకాల ముందు కూర్చుని, వచ్చిన చుట్టాలందరూ తెచ్చే ఆత్రేయపురం పూతరేకులు తిని, అప్పుడు పరుగెత్తి చూడు. యూనివర్సిటీకి ఆడిన సర్టిఫికెట్టు మాత్రం లామినేషన్ చేయించి భద్రంగా దాచుకో. పోటీల్లో పాల్గొన్న రికార్డు కూడా ఆ ఉద్యోగానికి అడుగుతారు.

ప్రభుత్వ నోటిఫికేషన్ ఎప్పుడో గానీ పడదు. పడేదాకా ప్రైవేటు కాలేజీయే దిక్కు. నేనూ మొదట ఓ ప్రైవేటు కాలేజీలో చేశాను. వేసవి వస్తే చాలు, విజిల్ పక్కన పెట్టించి చేతికి కరపత్రాల కట్ట ఇచ్చేవారు, ఊళ్లమీద పడి అడ్మిషన్లు పట్టుకురమ్మని. ఎంతమందిని చేర్చావన్నదే అడిగేవారు తప్ప టీము ఏ రౌండుదాకా వెళ్లిందని ఎవరూ అడిగేవారు కాదు. చేరేముందే ఈ సంగతి అడిగి తేల్చుకో, మొహమాటపడకు.

కోచ్ దారి వేరు, అది లైసెన్సుల దారి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య డి లైసెన్సుతో మొదలై ఆసియా సమాఖ్య వారి సి, బి, ఎ, చివరికి ప్రో దాకా వెళుతుంది. పద్దెనిమిదేళ్లు నిండితే డి కోర్సుకు వెళ్లొచ్చు. పై మెట్లకు వెళ్లాలంటే మధ్యలో ఏదో ఒక టీముతో పనిచేసిన అనుభవం చూపించాలి. కాబట్టి డబ్బు కట్టి వరసపెట్టి ఐదూ చేసేద్దామంటే కుదరదు. ఇది కాక పటియాలాలో జాతీయ క్రీడా సంస్థ (ఎన్.ఐ.ఎస్.) ఉంది. 1961లో మహారాజా వారి మోతీబాగ్ ప్యాలెస్‌లో పెట్టిన సంస్థ. ప్రభుత్వ క్రీడా సంస్థల్లో కోచ్ ఉద్యోగాలకు ఆ డిప్లొమాకి ఇప్పటికీ విలువుంది.

నా మాట వింటావా, రెండూ చెయ్యి. పి.డి. చదువు జీతానికి, లైసెన్సు పనికి. హైదరాబాదు రహీం సాబ్ గురించి మీ నాన్నగారికి చెప్పు. సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులు. పిల్లలకు పాఠాలు చెప్పుకున్న మనిషే హైదరాబాద్ సిటీ పోలీస్ టీముని తయారుచేశారు. 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో దేశానికి ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చిన జట్లకూ ఆయనే కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు నాలుగో స్థానంలో నిలిచారంటే దాని వెనకా ఆయనే. జకార్తా నాటికి ఒంట్లో జబ్బు ముదిరింది, 1963 జూన్‌లో పోయారు. పంతులు ఉద్యోగం కోచ్‌కి అడ్డమని నాతో ఎవరైనా అంటే ముందు ఆయన పేరే చెబుతాను.

ఇక ఎక్కడ మొదలుపెట్టాలన్నావు. మీ ఊళ్లోనే మొదలుపెట్టు. మన నేల సంగతి తెలుసుగా, వానాకాలం గ్రౌండులో బంతి పడితే పడ్డచోటే కూర్చుంటుంది, పైకి లేవదు. దాళ్వా కోతలయ్యాక, మళ్లీ కాలువలకు నీళ్లు వదిలేలోపు, చేలు ఖాళీగా ఉంటాయి. రైతుని అడిగి ఒక మడి తీసుకో. మోళ్లు చదును చేయించి, నాలుగు సరుగుడు కర్రలు పాతి, ముగ్గుతో గీతలు గియ్యి. ఆరో తరగతి, ఏడో తరగతి పిల్లలు డజనుమందిని పోగెయ్యి. పెద్దవాళ్లు వద్దు, వాళ్లు నీతో ఆడాలనుకుంటారు గానీ నీ మాట వినరు.

పది అంగల చదరం గీసి నాలుగు మూలలా నలుగుర్ని నిలబెట్టు, మధ్యలో బంతి లాక్కోడానికి ఒకణ్ణి వదులు. ఎవరైనా బంతిని రెండుసార్లే తాకాలి. ఇప్పుడు నువ్వు బంతిని చూడకు, బంతి అందుకోబోయే కుర్రాడి నడుముని చూడు. రెండు పాదాలూ పాసిచ్చినవాడి వైపే పెట్టి నిలబడ్డాడంటే వచ్చిన దారినే వెనక్కి తన్నడం తప్ప వాడికి గత్యంతరం ఉండదు. బంతి రాకముందే ఒకసారి భుజం మీదుగా వెనక్కి చూసి, కాస్త ఏటవాలుగా తిరిగి, దూరంగా ఉన్న కాలితో అందుకున్నాడనుకో, మధ్యలో ఉన్నవాడు వచ్చేలోపే బంతి అవతలి మూలకు వెళ్లిపోతుంది. తప్పు చేసినవాడి మీద అరవకు. ఆట ఆపి, అందరినీ ఉన్నచోటే నిలబెట్టి, “నీ వెనకాల ఎవరున్నార్రా?” అని అడుగు. జవాబు చెప్పలేక తల తిప్పి చూస్తాడు. అలా ఓ నెలపాటు అడిగితే నువ్వు అడగకుండానే చూడటం మొదలెడతాడు. అది చూశాక కూడా నీకు బ్యాంకు పరీక్షే ముద్దనిపిస్తే నిరభ్యంతరంగా వెళ్లు, మీ నాన్నగారూ సంతోషిస్తారు.

ప్రశ్న: నమస్కారమండీ. మా మేనల్లుడు టెక్సాస్‌లో ఎం.ఎస్. చదువుతున్నాడు. వాళ్ల కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి లక్షమంది వస్తారట, కోచ్ జీతం కోట్లలోనట. “అత్తయ్యా, చదువు మానేసి అందులో చేరతాను” అని ఫోన్లో ఏడిపిస్తున్నాడు. నిజంగా అంత జీతం ఇస్తారా? ఆ కోచ్‌లు ఏం చదువుతారు?
– ఒక గృహిణి, పాలకొల్లు

జవాబు: లక్షమంది మాట నిజమేనమ్మా, టెక్సాస్‌లో అంతమంది పట్టే కాలేజీ స్టేడియాలున్నాయి. జీతం మాటా నిజమే. చాలా రాష్ట్రాల్లో సర్కారు జీతం తీసుకునేవాళ్లందరిలో అత్యధిక జీతం గవర్నరుది కాదు, యూనివర్సిటీ కోచ్‌ది. కాకపోతే ఆ ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. బంతి కోలగా ఉంటుంది, కాలితో తన్నేది తక్కువ, చేత్తో విసిరి పట్టుకుని పరిగెత్తేది ఎక్కువ.

చదువుకి ప్రత్యేకమైన పరీక్షంటూ లేదు. అక్కడ నిచ్చెన ఉంది. ఎక్కువమంది అడుగుమెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్: పి.జి. చదువుకుంటూ కొద్దిపాటి భృతికి పెద్ద కోచ్‌ల దగ్గర చాకిరీ. రాత్రంతా కూర్చుని ఎదుటి టీము వీడియోలు చూసి నోట్సు రాయాలి. ఆ పైన ఒక్కో స్థానానికి ఒక్కో కోచ్ ఉంటాడు, ఆ పైన దాడికొకరు, రక్షణకొకరు కోఆర్డినేటర్లు, అందరి మీదా హెడ్ కోచ్. అందులో చాలా పేరున్నాయన నిక్ సేబన్. ఆటయ్యాక కోచ్ అవుదామని ఆయనేం అనుకోలేదు. భార్య చదువు ఇంకా ఏడాది మిగిలుంటే, ఆ ఏడాది గడవడానికి 1973లో కెంట్ స్టేట్‌లో అసిస్టెంటుగా చేరాడు. ఒక కాలేజీకి హెడ్ కోచ్ అయ్యేసరికి 1990 వచ్చింది. ఆ తర్వాతా ఒకచోట నిలవలేదు. క్లీవ్‌లాండ్, మిషిగన్, లూసియానా, మయామీ తిరిగి 2007లో అలబామా చేరాక పదిహేడు సీజన్లు అక్కడే ఉన్నాడు. మొత్తం ఏడు జాతీయ టైటిళ్లు గెలిచి 2024 జనవరిలో రిటైరయ్యాడు. చివర్లో ఏడాదికి కోటి డాలర్లకు పైనే.

అది ఒక్కడి సంగతి. వరసగా రెండు సీజన్లు ఓడితే అక్కడ మూటాముల్లె సర్దుకోవాల్సిందే, హెడ్ కోచ్‌తో పాటు అసిస్టెంట్లూ పోతారు. మీవాణ్ణి ఎం.ఎస్. పూర్తిచేయమనండి. ఈలోగా అంత మోజుంటే ఆ వీడియోలు కోసిపెట్టే గదిలో, ఆటగాళ్ల గణాంకాలు తీసే చోట కంప్యూటర్ కుర్రాళ్లకు పనుంటుందేమో యూనివర్సిటీలోనే అడగమనండి. వీసా నిబంధనలు కనుక్కున్నాకే సుమా.

ప్రశ్న: సర్, నేను ఎం.పి.ఎడ్. పూర్తిచేశాను. ఫుట్‌బాల్ కోచ్ అవుతానంటే ఇంట్లో “ఆడపిల్లవి, పిల్లలకి యోగా నేర్పుకో” అంటున్నారు. ఆడవాళ్లకు ఇందులో అవకాశం ఉందా?
– ఒక యువతి, రామచంద్రపురం

జవాబు: యోగా నేర్పడం కూడా మంచి పనే తల్లీ, ఇష్టమైతే. ఇష్టం లేకపోతే మాత్రం వద్దు.

మహిళల టీములున్న కాలేజీలు ఆడపిల్లల్ని పోటీలకు ఊరు దాటించాలంటే వెంట మహిళా స్టాఫ్ కోసం వెతుక్కుంటాయి. నా సర్వీసులో ఆడపిల్లల టీము మంచిదై ఉండీ, వెంట వెళ్లే మేడం దొరక్క ప్రయాణం ఆగిపోయిన సందర్భాలు చూశాను. అక్కడ నీలాంటి పి.డి. ఉంటే టీము రైలెక్కుతుంది. నీకు పరుగు పరీక్ష ముప్ఫై ఏళ్లలోపు 8 నిమిషాల్లో 1000 మీటర్లే. లైసెన్సులు మగవాళ్లకున్నవే నీకూ. 2017లో భారత మహిళల జట్టుకు హెడ్ కోచ్‌గా వచ్చిన మేమోల్ రాకీ అంతకుముందు ఇండియాకి ఆడినావిడే. 2025 జులైలో మన అమ్మాయిలు థాయ్‌లాండ్‌ను వాళ్ల గడ్డమీదే 2–1తో ఓడించి ఆసియా కప్‌కి అర్హత సాధించారు. ఆ మ్యాచ్ వీడియో ఒకసారి ఇంట్లో అందరూ ఉన్నప్పుడు టీవీలో పెట్టు. వాదించే పని తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆడపిల్లలకు బట్టలు మార్చుకునే గది, టాయిలెట్ గ్రౌండు దగ్గరే ఉండాలని అడుగు. బంతులూ నెట్లూ తర్వాత కొనుక్కోవచ్చు.

ప్రశ్న: హైస్కూల్లో పి.ఇ.టి.ని, నలభై దాటాయి. జిల్లా స్థాయికి మించి ఆడలేదు. ఇప్పుడు డి లైసెన్సు చేస్తే కుర్రాళ్లు నవ్వరా?
– ఒక ఉపాధ్యాయుడు, తణుకు

జవాబు: నవ్వితే నవ్వనివ్వండి మాస్టారూ. ఇటలీలో అర్రిగో సాకీ అనే ఆయన ప్రొఫెషనల్‌గా ఏనాడూ ఆడలేదు, నాన్నగారి చెప్పుల వ్యాపారంలో చేసేవాడు. ఏసీ మిలాన్‌కి కోచ్‌గా 1989, 1990లో వరసగా రెండుసార్లు యూరోపియన్ కప్ గెలిపించాడు. కోర్సులో గ్రౌండు మీద మీరే ఒక ప్రాక్టీసు నడిపి చూపించాలి, తోటివాళ్ల ప్రాక్టీసులో మీరూ ఆడాలి. కాబట్టి ఇప్పట్నుంచే పొద్దున్న కాసేపు పరుగు పెట్టండి. వెళ్లేటప్పుడు కొత్త బూట్లు మాత్రం కొనకండి. మొదటిరోజుకే మడమలు పొక్కుతాయి, పాతవే వేసుకెళ్లండి.