వాట్లు చూసి ఎస్‌ఎంపీఎస్ కొనకండి: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: ఇంట్లోనే కంప్యూటర్ అసెంబుల్ చేసుకుంటున్నాను. 65 వాట్ల ఏఎండీ ఏఎం4 సాకెట్ ప్రాసెసర్, 220 వాట్ల గ్రాఫిక్స్ కార్డు తీసుకున్నాను. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ భాగాలన్నిటికీ కరెంటిచ్చే పెట్టె) దగ్గరే ఆగిపోయాను. నా ముందు రెండున్నాయి. ఒకటి 650 వాట్లది, దాని స్టిక్కర్ మీద 12 వోల్టుల దగ్గర 34 ఆంపియర్లు అని ఉంది. రెండోది 550 వాట్లది, దానిమీద 45.5 ఆంపియర్లు అని ఉంది. వాట్లు ఎక్కువున్నదే మంచిది కదా?

జవాబు: కాదు, 550 వాట్లదే తీసుకోండి. మీరు ఆ ఆంపియర్ల అంకె గమనించడం మంచిదైంది, డబ్బా మీది పెద్ద అంకె కన్నా అదే ముఖ్యం. ఇప్పటి కంప్యూటర్‌లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ 12 వోల్టుల లైన్ మీదే బతుకుతాయి. 5, 3.3 వోల్టుల లైన్ల మీద పడే లోడ్ చాలా తక్కువ. 34ను 12తో గుణిస్తే 408 వాట్లు. అంటే ఆ 650లో మీకు పనికొచ్చేది 408 మాత్రమే. మిగతాదంతా మీ కంప్యూటర్ వాడుకోని లైన్ల మీద చూపించిన లెక్క. రెండోది 45.5 × 12 = 546. చెప్పినదాన్ని దాదాపు అంతా 12 వోల్టుల మీదే ఇవ్వగలదు.

మీకు ఎంత కావాలో కూడా చూద్దాం. ఏఎం4లో 65 వాట్ల ప్రాసెసర్ పూర్తి లోడ్‌లో 88 వాట్ల దాకా లాగుతుంది. (ఇంటెల్‌లో ఈ తేడా ఇంకా ఎక్కువ. 125 వాట్లని రాసిన కోర్ ఐ7-13700కె టర్బోలో 253 వాట్లకు వెళ్తుంది. అందుకే లెక్కకు టీడీపీ (ప్రాసెసర్ మీద రాసే ఆ వాట్ల అంకె) కాకుండా గరిష్ఠ అంకె తీసుకోవాలి.) దానికి కార్డు 220, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 60 కలిపితే 368 వాట్లు. 550 మీద ఇది మూడింట రెండొంతుల లోడ్, హాయిగా నడుస్తుంది. 408 మీద అయితే ఊపిరాడదు.

కొన్ని స్టిక్కర్ల మీద 12వి1, 12వి2 అని రెండు లైన్లు ఉంటాయి. ఆ రెండింటి ఆంపియర్లను కూడేయకండి. కింద రెండూ కలిపి గరిష్ఠంగా ఇన్ని వాట్లు అని విడిగా ఉంటుంది, అదే అసలు అంకె. అది వేయని ఎస్‌ఎంపీఎస్‌ను నేనైతే పక్కన పెట్టేస్తాను.

ప్రశ్న: ఎస్‌ఎంపీఎస్ మీద 80 ప్లస్ గోల్డ్ ముద్ర ఉంటే నాణ్యత గ్యారంటీ అనుకోవచ్చా?

జవాబు: అనుకోకూడదు. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత లోపలికి చేరుతోంది, ఎంత వేడిగా పోతోంది అన్నది మాత్రమే ఆ ముద్ర చెప్తుంది. లోపల 300 వాట్లు ఇవ్వడానికి 85 శాతం సామర్థ్యమున్నది గోడ నుంచి 353 వాట్లు తీసుకుంటే, 90 శాతమున్నది 333 తీసుకుంటుంది. తేడా 20 వాట్ల వేడి, అంతే. రిపుల్ (డీసీ వోల్టేజ్‌లో మిగిలిపోయే చిన్న ఊగిసలాట) ఎంత, షార్ట్ అయితే ఆగుతుందా, ఓవర్‌లోడ్‌కు కట్టవుతుందా అన్నవి ఆ పరీక్షలో ఉండవు.

ఏటీఎక్స్ (కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ల ప్రమాణం) ప్రకారం 12 వోల్టుల మీద రిపుల్ 120 మిల్లీవోల్టులు, 5, 3.3 వోల్టుల మీద 50 మిల్లీవోల్టులు దాటకూడదు. వాటిని ఆసిలోస్కోప్ పెట్టి కొలిచిన రివ్యూలు చదివి కొనండి. మోడల్ నంబరు చివరి అక్షరం దాకా సరిపోల్చుకోండి, ఎందుకంటే అదే పేరుతో లోపల వేరే సరుకున్న మోడళ్లు అమ్ముడవుతుంటాయి. ఓవర్ వోల్టేజ్, ఓవర్ కరెంట్, ఓవర్ పవర్, షార్ట్ సర్క్యూట్, ఓవర్ టెంపరేచర్ రక్షణలు అన్నీ ఉన్నాయో లేదో కూడా చూడండి. చవక రకాల్లో ముందు పెట్టకుండా వదిలేసేది టెంపరేచర్ రక్షణే.

ప్రశ్న: గేమ్ ఆడుతుండగా కంప్యూటర్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. మీటరు పెట్టి చూస్తే గోడ దగ్గర 380 వాట్లు కూడా దాటట్లేదు. నాది 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్. మరి ఎందుకిలా?

జవాబు: మీటరు చూపించేది సగటు. గ్రాఫిక్స్ కార్డు మిల్లీసెకను కన్నా తక్కువ సమయంలో తన మామూలు వాడకానికి రెండింతల దాకా ఎగబాకి దిగిపోగలదు. ఆ ఎగుడుదిగుడు మీటరుకు కనపడదు గానీ ఎస్‌ఎంపీఎస్‌లోని రక్షణ సర్క్యూట్‌కు కనపడుతుంది, అది వెంటనే కట్ చేసేస్తుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 దీనికోసమే కొత్త నియమం పెట్టింది: 16 పిన్నుల కనెక్టరున్న, 450 వాట్లు దాటిన ఎస్‌ఎంపీఎస్‌లు 100 మైక్రోసెకన్ల పాటు తమ రేటింగ్‌కు రెండింతలు తట్టుకోవాలి.

కొత్తది కొనేముందు కేబుళ్లు చూడండి. కార్డుకు రెండు 8 పిన్ సాకెట్లుంటే, ఒకే కేబుల్‌కు చివర్న ఉన్న రెండు తలలూ పెట్టకుండా ఎస్‌ఎంపీఎస్ నుంచి రెండు వేర్వేరు కేబుళ్లు లాగండి. ఒక్కో 8 పిన్ కనెక్టరుకు ప్రమాణం ఇచ్చిన పరిమితి 150 వాట్లు. శాటా కనెక్టర్ నుంచి కార్డుకు కరెంటు తీసే అడాప్టర్ ఉంటే ఇప్పుడే తీసేయండి. శాటా కనెక్టర్ 12 వోల్టుల మీద మోయగలిగింది 54 వాట్లే, అంతకుమించి లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది. 16 పిన్నుల కనెక్టరైతే సందు కనిపించకుండా పూర్తిగా లోపలికి నొక్కి, వైరును కనెక్టర్ దగ్గర వంచకుండా కనీసం 35 మిల్లీమీటర్లు నిటారుగా వదలండి.

తర్వాత గేమ్ నడుస్తుండగా, వాడకుండా ఉన్న 4 పిన్నుల మోలెక్స్ కనెక్టర్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. డీసీ వోల్టుల రేంజ్‌లో నల్ల ప్రోబ్ మధ్యనున్న రెండు పిన్నుల్లో ఏదో ఒకదానికి, ఎర్ర ప్రోబ్ పసుపు వైరున్న చివరి పిన్నుకు. రెండు ప్రోబ్‌లూ ఒకదానికొకటి తగలకూడదు. లోడ్‌లో 11.4 కన్నా కిందికి దిగితే ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిందే. 12 దగ్గరే నిలబడినా ఆగిపోతుంటే, కార్డు పవర్ లిమిట్‌ను సాఫ్ట్‌వేర్‌లో 80 శాతానికి తగ్గించి ఆడి చూడండి. అప్పుడు ఆగకపోతే అనుమానం ఆ ఎగుడుదిగుడు మీదికే వెళ్తుంది.

ప్రశ్న: కరెంటు పోగానే యూపీఎస్ ఉన్నా కంప్యూటర్ ఆఫ్ అవుతోంది. యూపీఎస్ 600 వీఏ. ఎస్‌ఎంపీఎస్ పాడైందా?

జవాబు: ముందు యూపీఎస్ స్టిక్కర్ చూడండి. 600 వీఏ అంటే 600 వాట్లు కాదు, చాలా మోడళ్లలో 360 వాట్లే. గేమింగ్ కంప్యూటర్ దానికి మించిన బరువు. లోడ్ తక్కువున్నా ఆఫ్ అయితే యూపీఎస్ ఇచ్చే కరెంటు వేవ్ (తరంగం) ఆకారం చూడాలి. మెట్లు మెట్లుగా ఉండే వేవ్‌తో యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు తీసుకునే తీరును సరిదిద్దే సర్క్యూట్) ఉన్న కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లకు పడదు, ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ పెడితే సర్దుకుంటుంది. రెండూ సరిగ్గా ఉంటేనే ఎస్‌ఎంపీఎస్‌ను అనుమానించండి. దాని పెద్ద కెపాసిటర్ పాతబడిందంటే, యూపీఎస్ మారే ఆ కొన్ని మిల్లీసెకన్లు కూడా నెట్టుకురాలేదు. అలాగని మూత విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా ఆ కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు.

ప్రశ్న: పాత మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ తీసేసి కొత్తది పెడుతున్నా. కేబుళ్లు అప్పటికే చక్కగా సర్ది ఉన్నాయి, అవే ఉంచుకోనా?

జవాబు: ఒక్కటి కూడా ఉంచకండి. మదర్‌బోర్డు వైపు పిన్నుల వరుసకు ప్రమాణం ఉంది, ఎస్‌ఎంపీఎస్ వైపు లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్లలో కూడా వరుస మారొచ్చు. ప్లగ్ చక్కగా దిగుతుంది, 5 వోల్టులు రావాల్సిన చోట 12 వస్తుంది, స్విచ్ వేయగానే హార్డ్ డిస్కులు కాలిపోతాయి. కొత్తదాని డబ్బాలో వచ్చిన కేబుళ్లే వాడండి. పాతవాటిని పాత ఎస్‌ఎంపీఎస్‌తోనే కలిపి కట్టి, మోడల్ పేరు రాసి పెట్టుకోండి.