జ్యూరీ దయ చూపమన్నా మేజర్ క్యాంప్‌బెల్‌ను ఎందుకు ఉరితీశారు?

మీ వ్యాసంలో 'జ్యూరీ క్షమించింది' అని రాశారు. మీరు తికమకపడుతున్నది ఇక్కడేనండీ: జ్యూరీ దయ చూపమని సిఫారసు చేశాక కూడా ఉరి ఎలా పడింది అని. ఆ సిఫారసు తీర్పులో భాగం కాదు, విన్నపం మాత్రమే. క్షమించే అధికారం రాజుది, ఐర్లాండ్‌లో ఆయన ప్రతినిధిది.

1807 జూన్‌లో ఐర్లాండ్‌లోని న్యూరీ సైనిక బ్యారక్స్‌లో గొడవ మొదలైంది చాలా చిన్న మాట దగ్గర. పరేడ్‌లో ఒక ఆజ్ఞ ఎలా ఇవ్వాలన్నదే బ్రిటిష్ సైన్యాధికారులైన క్యాంప్‌బెల్‌కీ కెప్టెన్ బాయ్డ్‌కీ మధ్య వాదన. క్యాంప్‌బెల్ ఇంటికెళ్లి టీ తాగి, మళ్లీ వచ్చి బాయ్డ్‌ను పిలిపించాడు. ఇద్దరూ ఒక గదిలో కాల్చుకున్నారు, పక్కన సాక్షులు లేరు. చనిపోతూ బాయ్డ్ అన్నది, నన్ను తొందరపెట్టావు అని. నాకు తెలిసి కేసు మొత్తం ఆ ఒక్క మాట మీదే తిరిగింది. ఇరువైపులా సాక్షులుండి, పద్ధతిగా జరిగిన ద్వంద్వ యుద్ధాల్లో జ్యూరీలు చాలాసార్లు వదిలేసేవి. ఇక్కడ ఆ వెసులుబాటు లేకపోయింది.

1808 ఆగస్టులో ఐర్లాండ్‌లోనే ఉన్న ఆర్మాలో హత్య కేసు విచారణ జరిగింది. క్యాంప్‌బెల్ భార్య సముద్రం దాటి వెళ్లి మూడో జార్జి రాజుకు అర్జీ పెట్టుకుంది, పాపం. ఫలితం లేదు, అదే నెలలో ఉరితీశారు. మీ వ్యాసంలో 'జ్యూరీ క్షమించింది' అన్న వాక్యం తీసేసి, 'దయ చూపమని కోరింది' అని రాయండి.