కొత్త బండిలో పాత సెట్టు

బిడ్డా,

మొన్న రాత్రి ఫోన్‌లో నువ్వు చెప్పింది విన్నప్పటి నుంచి మనసు మనసులో లేదు. డిండి దాటాక మీ అమ్మ ఫోన్ వచ్చిందనీ, కారు స్క్రీన్ మీద పేరుకు బదులు ఖాళీ డబ్బాలు వరుసగా కనిపించాయనీ, ఎత్తితే మాట తెగిపోతుంటే ఫోన్ చేతిలోకి తీసుకుని చెవికి పెట్టుకున్నావనీ అన్నావు. అప్పుడే మలుపులో మేకల మంద ఎదురొచ్చిందని నవ్వుకుంటూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు. ఫోన్‌లో చెబితే మరిచిపోతావు, అందుకే రాస్తున్నా. తీరిగ్గా చదువుకో.

ముందు ఒక మాట. నీ కోపంలో తప్పు లేదు. బ్యాంకులో లోన్ తీసుకుని, మీ అమ్మ కొంత సర్ది, ఇంట్లో అందరం కలిసి పోయి తెచ్చుకున్న బండి అది. టీజీ 05 నంబర్ ప్లేటు ఇంకా మెరుస్తూనే ఉంది. అందులో ఉన్న స్క్రీన్ మాత్రం నీ చేతిలో ఉన్న ఫోన్ కంటే ఎంతో వెనకబడి ఉంది. నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర ముప్పై ఏళ్లు బండ్ల వైరింగ్ చేసినవాణ్ని. క్యాసెట్ డెక్కులు బిగించాను, సీడీ ప్లేయర్లు బిగించాను, పెన్‌డ్రైవ్ సెట్లు బిగించాను. ఇప్పుడు మీ అన్న ఆండ్రాయిడ్ స్క్రీన్లు బిగిస్తున్నాడు. బండి కొత్తది, సెట్టు పాతది అనే బాధ ప్రతి కాలంలోనూ కస్టమర్ల నోట విన్నాను.

అది ఎందుకట్లా ఉంటుందో తెలిస్తే సగం పరేషాన్ తగ్గుతుంది. ఒక మోడల్ రోడ్డెక్కడానికి మూడు నాలుగేళ్ల ముందే దాని లోపల ఏ చిప్ పెట్టాలో, ఏ బ్లూటూత్ పెట్టాలో ఖాయం చేస్తారు. రోడ్డెక్కాక అదే మోడల్‌ను ఇంకో ఐదారేళ్లు అమ్ముతారు. పైగా బండిలో పెట్టే వస్తువు ఎండకు ఆగాలి. మేలో మన దగ్గర బయటే 44, 45 డిగ్రీలు. అద్దాలు మూసి ఎండలో నిలబెట్టిన బండిలో డ్యాష్‌బోర్డు మీద చెయ్యి పెట్టి చూడు, చుర్రుమంటుంది. అదే చోట నీ ఫోన్ ఒక గంట పెడితే వేడెక్కిందని చెప్పి ఆగిపోతుంది. ఆ వేడికి, ఆ కుదుపులకు ఏళ్ల తరబడి ఓర్చుకోవాలి కాబట్టి కంపెనీలు బాగా పరీక్ష అయిన పాత చిప్పులనే పట్టుకుని ఉంటాయి. ఇది నిజమైన కారణమే. కానీ కింది వేరియంట్‌లో నాలుగు డబ్బులు మిగుల్చుకోవడానికి మరీ పాత సెట్టు పెట్టి, బ్రోచర్‌లో మాత్రం ‘స్మార్ట్’ అని రాసుకోవడం నాకు నచ్చదు. అది కొనేవాణ్ని మోసం చేసినట్టే.

బండి పన్నెండేళ్లో పదిహేనేళ్లో వాడేది, ఫోన్ మూడేళ్లకోసారి మార్చేది. అందుకని బండిని మైకు, స్పీకరు, స్టీరింగ్ మీద ఉన్న బటన్, ఈ మూడింటి వరకే వాడుకో. మ్యాప్, మెసేజ్‌లు, పాటలు, ఇవన్నీ ఫోన్ మీదే వదిలెయ్యి. ఇట్లా పెట్టుకుంటే రేపు ఫోన్ మార్చినా ఇబ్బంది ఉండదు.

ఇప్పుడు చెయ్యాల్సిన పనులు చెబుతా. బండిని ఇంటి ముందు నిలబెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి చెయ్యి, రోడ్డు మీద కాదు.

మొదట పెయిరింగ్, అంటే ఫోన్‌ను బండితో బ్లూటూత్‌లో కలపడం. డెలివరీ రోజు షోరూమ్ అబ్బాయి తన ఫోన్ కలిపి పాట వినిపించాడు గుర్తుందా? ఆ అబ్బాయి ఫోన్ ఇప్పటికీ మీ బండి లిస్టులో కూర్చుని ఉంటుంది. బ్లూటూత్ లిస్టు తెరిచి నీది కాని ప్రతి ఫోన్‌నూ తీసెయ్యి. నీ ఫోన్‌ను కూడా ఒకసారి తీసెయ్యి. నీ ఫోన్‌లో కూడా బండి పేరు ‘ఫర్గెట్’ కొట్టు. రెండు వైపులా తీసేస్తేనే పాత ముడి విడుతుంది. చాలామంది ఒకవైపే తీసి ఊరుకుంటారు, అందుకే మళ్లీ మళ్లీ తెగుతుంది. ఫోన్‌ను ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేసి, మొదటి నుంచి కలుపు. కలిపేటప్పుడు కాంటాక్టులు చూడనివ్వాలా అని ఫోన్ అడుగుతుంది, సరే అను. అక్కడ తొందరలో ‘వద్దు’ నొక్కితే పేర్లు రావు, ఉత్త నంబర్లే వస్తాయి.

ఇక ఆ డబ్బాల సంగతి. నువ్వు ఫోన్‌లో పేర్లన్నీ తెలుగులో పెట్టుకున్నావు, చూసి సంతోషపడ్డాను. కానీ మీ బండి స్క్రీన్‌లో తెలుగు అక్షరాల ఫాంట్ లేదు. ‘అమ్మ’ అని పంపితే దానికి చదవడం రాదు, అక్షరానికో ఖాళీ డబ్బా గీసి పెడుతుంది. మన గడ్డ మీద అమ్మే బండిలో మన అక్షరాలు పెట్టకపోవడం నన్ను నిజంగా బాధపెట్టింది. మాట విని ఫోన్ కలిపే ఏర్పాటు కూడా అంతే, ‘పెద్దబాపుకు చెయ్యి’ అంటే దానికి అర్థం కాదు. అందరి పేర్లూ మార్చకు. దారిలో ఎత్తక తప్పని వాళ్లు ఎందరుంటారు? అమ్మ, నీ భర్త, మీ హెడ్‌మాస్టరు, పిల్లవాడి బడి, నేను. ఈ ఐదారుగురి పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకో. తర్వాత బండి స్క్రీన్‌లోనే వాళ్లను ఫేవరెట్స్‌లో పెట్టు. డబ్బాలు కనిపించాయంటే ఈ ఐదారుగురు కాదన్నమాట, ఎత్తాల్సిన పని లేదు.

మాట సరిగా వినిపించకపోవడానికి రెండు కారణాలు. ఒకటి పాత బ్లూటూత్. ఫోన్ చెవికి పెట్టుకుంటే వినిపించే మాటలో సన్నని ధ్వనులు కూడా ఉంటాయి. పాత పద్ధతిలో పోయే కాల్‌లో 3,400 హెర్ట్జ్‌ల పైన ఉన్న ధ్వని అంతా కోసేస్తారు. స, శ, ఫ లాంటి అక్షరాల గీర అక్కడే ఉంటుంది. అందుకే మీ అమ్మ మాట డబ్బాలోంచి మాట్లాడినట్టు ఉంటుంది. దాన్ని మనం బాగుచెయ్యలేం. రెండోది మన చేతిలో ఉంది. స్టీరింగ్‌కు పైన కప్పులో, లోపలి లైటు పక్కన చిన్న రంధ్రాలు ఉంటాయి చూడు, మైకు అదే. ఏసీ గాలి అద్దం వైపు కొట్టేటట్టు పెట్టి ఫ్యాన్ నాలుగు మీద నడిపితే ఆ గాలంతా మైకు మీదికే పోతుంది, అవతలివాళ్లకు హోరు తప్ప మాట వినపడదు. ఫోన్ రాగానే ఫ్యాన్ ఒకటి మీదికి తగ్గించు, గాలి కాళ్ల వైపు తిప్పు, అద్దాలు ఎత్తు. మైకు రంధ్రాల మీద సీటు కవర్లవాడు స్టిక్కరో ప్లాస్టిక్ కాగితమో వదిలేశాడేమో కూడా చూడు. మా షాపులో ఆ కాగితం పీకేసి పంపిన బండ్లు చాలానే ఉన్నాయి.

ఫోన్‌లోని మ్యాప్, పాటలు బండి స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో మధ్యలో పోతున్నదన్నావు. మీ బండిలో అది కేబుల్‌తోనే పనిచేస్తుంది, గాల్లో కలవదు. నువ్వు వాడుతున్న కేబుల్ బస్టాండ్‌లో వంద రూపాయలకు కొన్నది కదా? అలాంటి వాటిలో చాలావరకు చార్జింగ్ తీగలే ఉంటాయి, డేటా తీగలు ఉండవు. ఉన్నా సన్నగా ఉండి కుదుపుకు తెగిపోతాయి. మీటరుకు మించని మంచి డేటా కేబుల్ కొను. బండిలో రెండు సాకెట్లుంటే అందులో ఒకటే స్క్రీన్‌కు కలిసి ఉండొచ్చు, రెండోది చార్జింగ్‌కే. ఇంకొకటి, కేబుల్ పెట్టినా కాల్ మాట మాత్రం బ్లూటూత్ మీదే పోతుంది. కాబట్టి పైన చెప్పిన పెయిరింగ్ సరిగా చెయ్యకుండా కేబుల్ మార్చి లాభం లేదు.

బండిలో వచ్చిన మ్యాప్‌ను మరిచిపో. అది అచ్చంపేటను ఇంకా మహబూబ్‌నగర్ జిల్లాలోనే చూపిస్తున్నదంటే, 2016 అక్టోబర్ 11న నాగర్‌కర్నూల్ జిల్లా కాకముందు గీసిన మ్యాప్ అన్నమాట. ఫోన్‌లో మ్యాప్ పెట్టుకో.

బండి లోపల సిమ్ ఉందని షోరూమ్‌లో గొప్పగా చెప్పారు కదా. అది కొన్నేళ్లు ఉచితం, తర్వాత డబ్బు కట్టాలి. కాయితాలు తీసి ఎన్నేళ్లో, ఏ నెట్‌వర్కో చూసి రాసి పెట్టుకో. ఆ సిమ్ మనం మార్చుకునేది కాదు. అమెరికాలో 2022లో 3జీ ఆపేసినప్పుడు, దాని మీద నడిచే పాత బండ్లలో ఎమర్జెన్సీ కాల్ ఏర్పాట్లు మూగబోయాయి. బండి ఇంజన్ బాగానే ఉంది, దాని ఫోనే చచ్చిపోయింది. రేపు మన దగ్గరా ఇట్లా కావచ్చు. దానికి డబ్బు కట్టడం, మానడం అప్పుడు ఆలోచిద్దాం. ప్రస్తుతానికి బండి సిమ్ ఒక నెట్‌వర్క్ అయితే, నీ ఫోన్‌లో రెండో సిమ్ ఇంకో నెట్‌వర్క్‌ది వేసుకో. దారిలో ఒకటి లేకపోయినా ఇంకొకటి దొరుకుతుంది.

శ్రీశైలం పోయేటప్పుడు మాత్రం దేన్నీ నమ్మకు. మన్ననూర్ దాటి అడవిలోకి పోతే చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అక్కడ బండి సిమ్ అయినా, ఫోన్ సిమ్ అయినా ఒకటే. ఇంట్లో ఉన్నప్పుడే ఆ దారి మ్యాప్‌ను ఫోన్‌లో దించుకో. మన్ననూర్‌లో ఆగి ‘అడవిలోకి పోతున్నా, ఇన్ని గంటలకు అవతల తేలతా’ అని ఇంటికి చెప్పి కదులు. రాత్రి 9 దాటితే చెక్‌పోస్టు దగ్గర ఎట్లాగూ ఆపేస్తారు, ఆ ఆలస్యం పెట్టుకోకు. ఏ ఆపదకైనా 112, హైవే వాళ్ల 1033, అంబులెన్స్ 108 ఒక కాగితం మీద రాసి ముందు అద్దం పక్కన అంటించు.

ఇవన్నీ చేసినా మారకపోతే సర్వీస్ సెంటర్‌కు పో. సెట్టింగ్స్‌లో సాఫ్ట్‌వేర్ వెర్షన్ నంబరు కనిపిస్తుంది, దాన్ని ఫోటో తీసుకుని పోయి కొత్తది ఉంటే వెయ్యమను. కాల్ తెగిపోతున్నది ఒక వీడియో తీసి పెట్టుకో, ఆ వీడియో పక్కన కూర్చున్నవాళ్లు తియ్యాలి. అన్నిటికంటే ముఖ్యం జాబ్ కార్డు, అంటే బండి తీసుకునేటప్పుడు సర్వీస్ సెంటర్‌వాళ్లు రాసిచ్చే పని కాగితం. నీ కంప్లైంట్ దాని మీద రాయించి, కాపీ తీసుకున్నాకే తాళం ఇవ్వు. నోటితో చెప్పింది గేటు దాటగానే గాలికి పోతుంది. అట్లా మూడుసార్లు తిప్పితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెయ్యి. నల్లగొండలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల లోపల కేసు వేసుకోవచ్చు. జాబ్ కార్డులు ఉంటే నీ మాటకు బలం ఉంటుంది.

బయటి స్క్రీన్ వేయించుకుంటానన్నావు. ఇక్కడ నా అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల కిందట ఒకాయన మూడు నెలల బండి తెచ్చి సెట్టు మార్చమన్నాడు. దానికి తగిన కప్లర్, అంటే వైర్లు కొయ్యకుండా కలిపే ప్లగ్గు, నా దగ్గర లేదు. వైర్లు కోసి, ఒక్కొక్కటి మెలిపెట్టి, టేపు చుట్టి ఇచ్చాను. పాటలు బ్రహ్మాండంగా వచ్చాయి. వారం తర్వాత ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది, స్టీరింగ్ బటన్లు పనిచెయ్యలేదు. కంపెనీవాళ్లు కోసిన వైర్లు చూసి వారంటీ లేదన్నారు. ఆ ఖర్చు నేనే పెట్టుకున్నాను, ఆయన ముఖం ఇప్పటికీ మరవలేదు. అప్పటి నుంచి మా షాపులో కప్లర్ లేకుండా సెట్టు మార్చం. నువ్వు కూడా ఒక్క వైరు కూడా కొయ్యనియ్యకు. వారంటీ అయిపోయేదాకా ఆగు. అంతదాకా మంచి మొబైల్ స్టాండ్ ఒకటి చాలు. అది ఎయిర్‌బ్యాగ్ మూత మీద కాకుండా, చూపుకు అడ్డం రాకుండా కింద మూలకు పెట్టు.

బండి 80 మీద ఉంటే సెకనుకు 22 మీటర్లు పోతుంది. ఫోన్ వెతికి, తీసి, పేరు చూసి చెవికి పెట్టుకోవడానికి ఐదు సెకన్లు పట్టినా వంద మీటర్లకు పైగా కళ్లు మూసుకుని నడిపినట్టే. చేతిలో ఫోన్‌తో నడిపితే ఐదు వేల దాకా జరిమానా, ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు కూడా వెయ్యొచ్చని చట్టంలో ఉంది. మ్యాప్ చూసుకోవడానికి మాత్రమే, అదీ ధ్యాస చెదరకుండా ఉంటేనే, ఒప్పుకుంటారు. నా భయం జరిమానా గురించి కాదు బిడ్డా. కాల్ తెగితే తెగనియ్యి. ఎక్కడైనా చింతచెట్టు కింద పక్కకు ఆపుకుని, నువ్వే తిరిగి చెయ్యి. కొన్ని ఫోన్లలో డ్రైవింగ్ మోడ్ పెడితే ‘బండి నడుపుతున్నా’ అని మెసేజ్ దానంతట అదే పోతుంది, నీ దాంట్లో ఉందేమో చూడు. మీ అమ్మకు మెసేజ్ చదవడం కష్టం కాబట్టి ఆమెకు నేను చెప్పాను: పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి ఆరు దాకా నీకు చెయ్యదు, ఏదన్నా ఉంటే ముందు నాకు చేస్తుంది.

ఆదివారం నల్లగొండ రా. కేబుల్, బండి కాయితాలు, రెండో తాళం తెచ్చుకో. మీ అమ్మను కూడా వెంటబెట్టుకుని రా. ఆమెను షాపులో కూర్చోబెట్టి, మనిద్దరం బండిలో కూర్చుని ఆమెతోనే ఫోన్ చేయించి, మాట ఎట్లా వస్తున్నదో చూద్దాం.

నీ పెద్దబాపు