ఫిజిక్స్ తప్పిన మామయ్య ఉత్తరం

అమ్ములూ,

నువ్వు ఫోన్లో ఏడుస్తున్నంతసేపూ నేను ఒక్క మాటా మాట్లాడలేదని మీ అమ్మ నిష్ఠూరమాడింది. మాటలు లేక కాదు. నేను చెప్పాలనుకున్నదానికి కాగితం మీద లెక్క చేసి చూపించడం అవసరం. అందుకే రాస్తున్నాను.

ఇంటర్ మొదటి ఏడాది ఫిజిక్స్ తప్పావు, సప్లిమెంటరీలో గట్టెక్కావు. రెండో ఏడాది ఫిజిక్స్, కెమిస్ట్రీ రెండూ అత్తెసరు మార్కులే. గ్రూపు సబ్జెక్టుల్లో యాభై రెండు శాతం. ఫార్మసీ సీటు కోసం రాసిన ఎంట్రన్స్, ఈఏపీసెట్‌లో ర్యాంకు నలుగురికీ చెప్పుకునేలా లేదు. మీ నాన్న మామూలు డిగ్రీలో చేరమంటున్నాడు, నువ్వేమో ఫార్మసీయే చదువుతానంటున్నావు. ఇంతే కదా?

నీకు ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. నేనూ ఫిజిక్స్ తప్పాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి తప్పాక మా నాన్న నన్ను ఊళ్లో మెడికల్ షాపులో కూర్చోబెట్టాడు. అట్టపెట్టెలు మోయడం, స్టాకు రాయడం నా పని. ఒకరోజు ఓనరు భోజనానికి వెళ్లినప్పుడు ఒకామె పిల్లాడి జ్వరానికి చీటీ తెచ్చింది. పారాసిటమాల్ సిరప్, 5 మి.లీ. చొప్పున మూడు పూటలు. 5 మి.లీ.కి 125 మిల్లీగ్రాములుండే సీసాలు అయిపోయాయి. 250 ఉండే సీసా ఉంటే, మందు అదేగా అని, చీటీలో ఉన్నట్టే 5 మి.లీ. పట్టమని ఇచ్చాను. ఆమె ఇంకా మెట్లు దిగుతుండగానే ఓనరు వచ్చి సీసా చూసి వెనక్కి పిలిచాడు. డాక్టరుకు ఫోన్ చేసి అడిగి, రెండున్నరే పట్టమ్మా అని చెప్పి పంపాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

ఆ రాత్రే నాకు తెలిసింది, నన్ను ముంచింది ఫిజిక్స్ కాదని. దశాంశాలు, నిష్పత్తులు, శాతాలు వస్తే చాలు, నా బుర్ర పనిచేయడం మానేసేది. ఎనిమిదో తరగతిలో ఎక్కడో వదిలేసిన లెక్కలు ఇంటర్లో ఫిజిక్స్ వేషం వేసుకుని వచ్చాయి. పక్కింటి పిల్లాడి ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. సిగ్గేసింది. రెండు నెలలు అదే చేశాను. ఆ తర్వాత ఫిజిక్స్ పాసయ్యాను, డి.ఫార్మసీలో, అంటే ఫార్మసీ డిప్లొమాలో చేరాను.

నీ విషయంలోనూ ముందు ఆ చిల్లు ఎక్కడుందో చూడాలి. ఫీజు కడితే ఇంటర్ బోర్డు నీ జవాబు పత్రం నకలు ఇస్తుంది. గడువు దాటకపోతే తెప్పించు. మార్కులు పెరుగుతాయని కాదు, నువ్వు ఏ ప్రశ్నలు వదిలేశావో చూసుకోవడానికి. నా అనుమానం ఏమిటంటే, థియరీ అంతా రాసి ప్రాబ్లమ్స్ వదిలేసి ఉంటావు. కెమిస్ట్రీలో మోలారిటీ లెక్కల దగ్గర కూడా అదే జరిగి ఉంటుంది. బైపీసీ కాబట్టి ఇక లెక్కల బాధ ఉండదనుకుంటున్నావేమో! ఫార్మసీ డిగ్రీ, అదే బి.ఫార్మసీ, మొదటి సెమిస్టర్లో బైపీసీ పిల్లలకు రెమెడియల్ మ్యాథమెటిక్స్ అని ఒక పేపరే ఉంటుంది. తప్పించుకుని పారిపోయే దారి లేదు తల్లీ.

ఇక సీటు సంగతి. బి.ఫార్మసీకి గ్రూపు సబ్జెక్టుల్లో నలభై ఐదు శాతం చాలు, రిజర్వేషన్ ఉంటే నలభై. అంటే అర్హత నీకు ఉంది. తక్కువైంది ర్యాంకే. బైపీసీ వాళ్ల కౌన్సెలింగ్ ఇంజినీరింగ్ వాళ్లది అయ్యాక గానీ మొదలవదు. ఆలోపు ఎవరో ఏజెంటు ఫోన్ చేసి సీట్లు అయిపోతున్నాయని టెన్షన్ పెడతాడు. మీ నాన్న అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీటు కొనేస్తాడేమోనని నా భయం. ర్యాంకును బట్టి ఇచ్చే కన్వీనర్ కోటా సీట్ల చివరి విడత దాకా ఆగమను. కాలేజీల ఆప్షన్లు మాత్రం పిసినారితనం లేకుండా పెట్టు.

సీటు రాకపోతే రెండు దారులున్నాయి. లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఏడాది చేరి మళ్లీ ఈఏపీసెట్ రాయడం ఒకటి, డి.ఫార్మసీ ఒకటి. డి.ఫార్మసీకి ఎంట్రన్స్ లేదు, ఇంటర్ మార్కులతోనే ఇస్తారు. రెండేళ్లు చదివి, డిప్లొమా వాళ్లకు పెట్టే ఎంట్రన్స్ ఈసెట్ రాస్తే బి.ఫార్మసీ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. లెక్క వేసి చూడు. లాంగ్‌టర్మ్ ఒక ఏడాది, బి.ఫార్మసీ నాలుగు, మొత్తం ఐదు. డి.ఫార్మసీ రెండు, ఆపైన బి.ఫార్మసీ మూడు, అదీ ఐదే. కాకపోతే రెండో దారిలో మధ్యలోనే చేతికి ఒక డిప్లొమా వస్తుంది. పైగా మన ఆంధ్రాలో ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉంది (తెలంగాణలో తీసేశారు). లాంగ్‌టర్మ్ చేసినా ఆ పాత మార్కులు నీ వెనకాలే వస్తాయి. ఈసెట్లో నీకు వచ్చేవి డి.ఫార్మసీలో చదివిన సబ్జెక్టులే. అలా నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ సీట్లు తక్కువ, అది ఒప్పుకుంటాను. అయినా నేనైతే డి.ఫార్మసీ వైపే మొగ్గుతాను. ఆరేళ్ల ఫార్మ్.డి కోర్సు సంగతి ఇప్పుడు ఎత్తకు.

డి.ఫార్మసీ అంటే మందుల షాపేగా అని మీ నాన్న అంటాడు. అననీ. నాకు ఇన్నేళ్లుగా ఆసుపత్రిలో అన్నం పెట్టింది ఆ డిప్లొమానే. అందులో 500 గంటల ప్రాక్టికల్ ట్రైనింగ్ ఉంటుంది. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో సగం మంది సంతకం పెట్టి వెళ్లిపోవాలని చూస్తారు. నువ్వు అలా చేస్తే నాకు కబురు అందుతుంది, గుర్తుంచుకో.

కాలేజీకి ఫార్మసీ కౌన్సిల్ ఆఫ్ ఇండియా అనుమతి ఈ ఏడాదికి ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్లో చూసుకో. తర్వాత స్వయంగా వెళ్లి ల్యాబ్ చూపించమని అడుగు. టాబ్లెట్ పంచింగ్ మెషిన్ మీద దుమ్ము ఉంటే తిరిగి వచ్చెయ్. క్లాసులకు రాకపోయినా ఫరవాలేదు, పాస్ గ్యారంటీ అన్న చోట అసలు కూర్చోవద్దు. అక్కడ చదివిన వాళ్లే రేపు సర్టిఫికెట్ ఎవరి షాపుకో అద్దెకిచ్చి ఇంట్లో కూర్చుంటారు. మా వృత్తికి పట్టిన చీడ అది. దాని గురించి మొదలుపెడితే ఈ ఉత్తరం అవ్వదు.

ఇంగ్లీషు గురించి కూడా బెంగ పెట్టుకున్నావట. నేను తెలుగు మీడియం నుంచి వెళ్లినవాణ్ణే. మందుల పెట్టెల్లో మడిచి పెట్టే ఆ సన్నక్షరాల కాగితాలు పోగేసి, రోజుకొకటి చదివేవాణ్ణి. ఏ కాగితం చూసినా వరస ఇంచుమించు ఒకటే. మందులో ఏముంది, ఎందుకు వాడతారు, ఎంత, ఎవరికి ఇవ్వకూడదు. పది కాగితాలయ్యేసరికి సగం మాటలు పాతబడతాయి. ఇంట్లో నానమ్మ బీపీ మాత్రల పెట్టెతో మొదలుపెట్టు.

ఆదివారం మార్కుల మెమోలు తీసుకుని రా. మీ నాన్నతో నేను మాట్లాడతాను. వచ్చేలోపు ఈ లెక్క చేసి తీసుకురా, కాలిక్యులేటర్ ముట్టుకోకుండా. నా దగ్గర 90 శాతం ఆల్కహాల్ ఉంది. నాకు 60 శాతం ఆల్కహాల్ 300 మి.లీ. కావాలి. 90 శాతంది ఎంత తీసుకోవాలి? ఎంత అని తేలాక, నీళ్లు ఇన్ని మి.లీ. అని రాయకుండా '300 మి.లీ. అయ్యేదాకా నీళ్లు, సరిపడా' అని మేం ఎందుకు రాస్తామో కూడా ఆలోచించు. రెండోదానికి జవాబు నీ కెమిస్ట్రీ పుస్తకంలోనే ఉంది.

మీ మామయ్య