మార్కులు వేసే అధ్యాపకులతో విద్యార్థి భాగస్వామిగా పనిచేయగలడా?

ఆర్కిటెక్చర్ కళాశాలలో ఇంటర్నల్ మార్కులు అధ్యాపకుల చేతిలో ఉన్నంతకాలం విద్యార్థి–అధ్యాపక భాగస్వామ్యం సాధ్యమేనా అని మీరు అడిగారు. విశాఖపట్నంలో చదువుకుని, ఇప్పుడు ఇక్కడే డిజైన్ స్టూడియో (విద్యార్థులు భవనాలను రూపొందించే తరగతి) బోధిస్తున్నాను కనుక, సాధ్యమేనని నమ్మకంగా చెప్పగలను. అయితే అందుకు అధ్యాపకులతో చనువు చాలదు, డిజైన్ బ్రీఫ్ (భవనంలో ఏమేమి ఉండాలో చెప్పే పత్రం) రాయడంలోనే విద్యార్థులకు వాటా ఉండాలి.

నా విద్యార్థి దశలో విశాఖలోని మత్స్యకారుల పేట పెదజాలరిపేటకు ఒక సామాజిక భవనాన్ని రూపొందించమన్నారు. బ్రీఫ్‌లో హాలు, గదులు, పార్కింగ్ ఉన్నాయి. చేపలు ఎండబెట్టుకునే ఆరుబయలు, వలలు బాగుచేసుకునేందుకు నీడ లేకపోతే ఆ భవనం తమవాళ్లకు ఉపయోగపడదని మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన మా సహాధ్యాయిని చెప్పింది. మా మేడమ్ ఆ మాటను పట్టించుకుని, తరగతి మొత్తాన్ని మళ్లీ సైట్‌కు తీసుకెళ్లి, బ్రీఫ్‌ను మాతో కలిసి తిరగరాశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు ఎవరి ఇంటి పైకప్పు ఎలా లేచిపోయిందో పేటవాళ్లు వివరించగా, అంతటి గాలికి రేకులను దూలాలకు ఎలా బిగించాలో, ఉప్పుగాలికి కాంక్రీటులోని ఇనుము తుప్పు పట్టకుండా దానిపై ఉండే కాంక్రీటు పొర (కవర్) మందం ఎందుకు పెంచాలో, తీరం వెంబడి నిర్మాణాలను నియంత్రించే సీఆర్‌జెడ్ నిబంధనలు ఆ స్థలంలో ఏమి కట్టనిస్తాయో మేడమ్ నేర్పారు. ఐదేళ్ల బీఆర్క్‌లో నేను అంత శ్రద్ధగా చేసిన ప్రాజెక్టు మరొకటి లేదు.

మార్కుల విషయంలో సమానత్వం ఉందని చెప్పుకోవడం నిజాయితీ కాదు. అందువల్ల నా స్టూడియోలో జ్యూరీలో (విద్యార్థుల డిజైన్లను పరిశీలించే సమావేశంలో) దేన్ని చూసి మార్కులు వేయాలో సెమిస్టర్ మొదట్లోనే విద్యార్థులతో చర్చించి, కాగితంపై రాసి గోడకు అంటిస్తాను. ఆ తరువాత మార్కుల బాధ్యత పూర్తిగా నాదే. విద్యార్థి గీసిన షీటుపై నేను పెన్ను పెట్టను. ట్రేసింగ్ కాగితం పరిచి దానిపైనే నా సూచన గీస్తాను. కారణం చెప్పగలిగితే విద్యార్థి దాన్ని పక్కన పెట్టవచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మీరు గట్టిగా ఉండాలి. పాత ఇళ్లకు విద్యార్థులు ఎండలో నిలబడి కొలతలు తీసి గీసిన మెజర్డ్ డ్రాయింగులు, వారి పేర్లు లేకుండానే అధ్యాపకుల పరిశోధన పత్రాల్లో అచ్చవడం నేను చూశాను. అది భాగస్వామ్యం కాదు, వెట్టిచాకిరీ. అటువంటి పనిలో చేరే ముందే, డ్రాయింగులపైనా ప్రచురణలోనూ ఎవరెవరి పేర్లు ఉంటాయో రాతపూర్వకంగా అడగండి. ఒంటరిగా అడగడానికి జంకు ఉంటే తరగతి ప్రతినిధి ద్వారా విభాగాధిపతికి అందరి సంతకాలతో లేఖ ఇవ్వండి.