ప్రశ్నోత్తరాలు: బ్రిటన్ బజారులో దిగిపోయిన బోర్డులు

బ్రిటన్‌లో మూతపడిన పాత దుకాణాల గురించి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులిస్తున్నాం. తరచూ వచ్చే మాట ఒకటి ముందే చెప్పేస్తాం. కింద బజారు అన్నచోటల్లా అది హై స్ట్రీట్, అంటే ఊరి పెద్ద వీధి. చాలా ఊళ్ళలో ఆ వీధి పేరే అది.

వూల్‌వర్త్స్ మూతపడి పదిహేనేళ్ళు దాటిందని చదివాను. మెల్‌బోర్న్‌లో ఉన్న మా అమ్మాయి మాత్రం వారం వారం సరుకులు వూల్‌వర్త్స్‌లోనే తెస్తోంది. ఏది నిజం?
– పాఠకురాలు, నెల్లూరు

రెండూ నిజమేనండీ. మీ అమ్మాయి వెళ్ళే కొట్టుకూ బ్రిటన్‌లో పోయినదానికీ చుట్టరికం లేదు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ వూల్‌వర్త్ 1909 నవంబరు 5న లివర్‌పూల్‌లోని చర్చ్ స్ట్రీట్‌లో చవక సరుకులమ్మే తన మొదటి బ్రిటిష్ దుకాణం తెరిచాడు. ఆస్ట్రేలియాలో ఆ పేరు మీద హక్కు నమోదు చేయించలేదు. 1924లో సిడ్నీ వ్యాపారులు కొందరు అది చూసి, అదే పేరు పెట్టుకుని దర్జాగా మొదలుపెట్టారు. దక్షిణాఫ్రికా వూల్‌వర్త్స్ కూడా వేరే. జర్మనీలో నేటికీ నడుస్తున్న వూల్‌వర్త్ మాత్రం అమెరికా కంపెనీ పెట్టిన శాఖ నుంచి వచ్చిందే. ఇక ఆ అమెరికా కంపెనీ చివరికి ఏమయిందంటే, చవక కొట్లన్నీ ఎత్తేసి బూట్లు అమ్మే ఫుట్ లాకర్‌గా మారింది.

పేరుకు ఒక యజమాని, వ్యాపారానికి ఒకరు, గోడలకు ఇంకొకరు. ఈ సంగతి గుర్తుంచుకుంటే కింది జవాబులు తేలిగ్గా అర్థమవుతాయి.

మా ఎం.బి.ఎ. క్లాసులో బ్రిటన్ దుకాణాలన్నిటినీ అమెజాన్ మింగేసిందని చెప్పారు. అంతేనా?
– విద్యార్థి, విశాఖపట్నం

అంత మాత్రమే అయితే సీ అండ్ ఏ కథ అర్థం కాదు. 1922 నుంచి బ్రిటన్‌లో బట్టలు అమ్మిన ఆ కంపెనీ 2000లో తప్పుకుంటున్నట్టు ప్రకటించి, 2001కల్లా సర్దుకుని వెళ్ళిపోయింది. అప్పటికి అక్కడ అమెజాన్ అమ్ముతున్నవి ముఖ్యంగా పుస్తకాలు, సీడీలు. పైగా సీ అండ్ ఏ యూరప్‌లో ఇప్పటికీ ఉంది. ఇంటర్నెట్ దెబ్బ నిజమే కానీ, అది తగిలేనాటికే చాలా కంపెనీలు లోపల డొల్లగా ఉన్నాయి. ఆ డొల్లతనం ఎక్కువగా అద్దె కాగితాల్లో ఉంది.

బ్రిటన్‌లో పాతకాలపు దుకాణం లీజు మన దగ్గర పదకొండు నెలల అగ్రిమెంటు లాంటిది కాదు, పాతికేళ్ళది. సాధారణంగా ఐదేళ్ళకోసారి అద్దె తిరగరాస్తారు. అది పెరగొచ్చు, ఉన్నచోట ఉండొచ్చు, తగ్గడం మాత్రం ఉండదు. బజారులో జనం సగానికి పడిపోయినా అద్దె దిగదు. షట్టరు వేసేసినా లీజు తీరేదాకా కట్టాల్సిందే. దీనికి తోడు బిజినెస్ రేట్స్ అనే పన్ను ఉంది. ఖాళీ చేసిన దుకాణానికి మూడు నెలలే మినహాయింపు, ఆ తర్వాత మళ్ళీ పూర్తి పన్ను.

ఇంగ్లండ్‌లో అద్దెను మూడు నెలలకోసారి ముందుగా కట్టడం ఆనవాయితీ. గడువులు నాలుగు: మార్చి 25, జూన్ 24, సెప్టెంబరు 29, డిసెంబరు 25. వీటిని క్వార్టర్ డేస్ అంటారు. మధ్యయుగాల పండగ రోజులివి, నేటికీ వ్యాపారాల మెడ మీద కత్తిలా వేలాడుతున్నాయి. సంగీతం సీడీలమ్మే జావీ 2008 డిసెంబరు 24న చేతులెత్తేసింది. తెల్లవారితే అద్దె. క్రిస్మస్ అమ్మకాలతో గట్టెక్కిన వాళ్ళకు జనవరి గండం. సరుకు అమ్ముడై గల్లాపెట్టె నిండుగా ఉన్నప్పుడే అప్పిచ్చినవాళ్ళు తాడు బిగిస్తారు. 2013 జనవరి 9న కెమెరాలమ్మే జెస్సప్స్, 15న సంగీతం అమ్మే హెచ్‌ఎంవీ, 16న సినిమాలు అద్దెకిచ్చే బ్లాక్‌బస్టర్ ఒకదాని వెనక ఒకటి కూలాయి.

వూల్‌వర్త్స్ సంగతికొస్తే, 1958లో పోర్ట్‌స్లేడ్‌లో వెయ్యో కొట్టు తెరిచిన కంపెనీ అది. పాతకాలంలో దాని దుకాణాల్లో చాలా వాటికి నేల, గోడలు సొంతం. 2001లో దాన్ని విడదీసి పంపేముందు మాతృసంస్థ కింగ్‌ఫిషర్ 182 దుకాణాల భవనాలను 61 కోట్ల 40 లక్షల పౌండ్లకు అమ్మేసి, వాటినే అద్దెకు ఇప్పించింది. సొమ్ము కింగ్‌ఫిషర్‌కు, పెరుగుతూ పోయే అద్దె వూల్‌వర్త్స్‌కు. ఇల్లమ్మి అదే ఇంట్లో అద్దెకున్నట్టయింది. 2008 నాటికి అప్పు 38 కోట్ల 50 లక్షల పౌండ్లు.

అసలు ప్రాణం తీసింది మాత్రం సరుకు. సరఫరాదారులు నెలా రెణ్ణెల్ల అరువు మీద సరుకు పంపుతారు. కొట్టువాళ్ళు డబ్బు కట్టకపోతే ఆ నష్టం పూడ్చడానికి సరఫరాదారులకు ఒక బీమా ఉంటుంది. కంపెనీ మీద అనుమానం రాగానే బీమావాళ్ళు వెనక్కి తగ్గారు. వెంటనే సరఫరాదారులు రొక్కం ముందు పెట్టమన్నారు. అరల్లో సరుకు తగ్గితే అమ్మకం తగ్గుతుంది, అమ్మకం తగ్గితే రొక్కం ఉండదు. 2008 నవంబరు 26న అడ్మినిస్ట్రేషన్, అంటే అప్పుల్లో మునిగిన కంపెనీ పగ్గాలు కోర్టు నియమాల కింద బయటివాళ్ళ చేతికి వెళ్ళడం. 2009 జనవరి 6కల్లా 807 దుకాణాలూ మూసేశారు, దాదాపు 27,000 మంది ఉద్యోగాలు పోయాయి. పైన చెప్పిన జావీ కూడా ఈ దెబ్బకే పోయింది. దానికి సీడీలు పంపే ఎంటర్‌టైన్‌మెంట్ యూకే వూల్‌వర్త్స్ వాళ్ళదే మరి.

బట్టలు, ఇంటి సామాన్లు అమ్మిన బీహెచ్ఎస్ (బ్రిటిష్ హోమ్ స్టోర్స్) మరో రకం. వ్యాపారి ఫిలిప్ గ్రీన్ దాన్ని 2000లో 20 కోట్ల పౌండ్లకు కొని, 2015లో ఒక్క పౌండుకు అమ్మేశాడు. ఏడాది తిరిగేసరికి దివాలా. 2016 ఆగస్టు 28న చివరి దుకాణాలు మూసేశారు. పింఛను నిధిలో 57 కోట్ల 10 లక్షల పౌండ్ల లోటు తేలితే, పార్లమెంటులో గోల జరిగాక 2017లో గ్రీన్ 36 కోట్ల 30 లక్షలు కట్టాడు. మీ పరీక్షలో ఇది రాస్తే అమెజాన్ పేరు రెండో పేరాలో వస్తే చాలు.

వూల్‌వర్త్స్‌లో ఏది కొన్నా ఆరు పెన్నీలేనట కదా? గిన్నెలు కూడానా?
– పాఠకుడు, తెనాలి

మన తిరునాళ్ళలో 'ఏది తీసుకున్నా పది రూపాయలే' బండి లాంటిదే. మూడు పెన్నీలు, ఆరు పెన్నీలు, అంతకు మించి లేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ధరలు పెరిగేదాకా ఆ హద్దు నిలిచింది. గిన్నె ధర హద్దు దాటితే గిన్నెకు ఆరు, మూతకు ఆరు, విడివిడిగా అమ్మేవారు. 1928లో బ్రిక్స్‌టన్‌లో మొదలైన బీహెచ్ఎస్ తన హద్దు ఒక షిల్లింగు అంది, అంటే పన్నెండు పెన్నీలు. పోటీ అక్కడే తెలిసిపోతుంది.

జనం నెమరువేసుకునేది మాత్రం పిక్ అండ్ మిక్స్‌నే. డబ్బాల్లోంచి ఇష్టమొచ్చిన మిఠాయిలు గరిటెతో సంచిలో వేసుకుని తూకానికి కొనడం. చివరి సంచి 2009లో ఈబేలో 14,500 పౌండ్లు పలికింది. ఆ డబ్బు దాతృత్వానికి పోయింది.

నేను కవెంట్రీలో చదువుతూ ఒక గొలుసు దుకాణంలో వారానికి 20 గంటలు పనిచేస్తున్నాను. కంపెనీ అడ్మినిస్ట్రేషన్‌లోకి వెళ్ళింది. మూడు వారాల జీతం రావాలి. అదే కంపెనీది 50 పౌండ్ల గిఫ్ట్ కార్డు కూడా ఉంది. ఏం చేయాలి?
– విద్యార్థిని, కవెంట్రీ

ముందు గిఫ్ట్ కార్డు సంగతి చూడండి. అడ్మినిస్ట్రేషన్ అంటే మూత కాదు. కోర్టు నియమాల కింద అడ్మినిస్ట్రేటర్ వచ్చి పగ్గాలు పట్టుకున్నారన్నమాట. కార్డు చెల్లుతుందా లేదా అన్నది ఆయన చేతిలో ఉంటుంది. కొట్టు తీసుకుంటుంటే ఈరోజే వెళ్ళి మొత్తం వాడేయండి, రేపు మాట మారొచ్చు. తిరస్కరించినా పారేయకండి. 2013లో హెచ్‌ఎంవీ కార్డులను మొదట చెల్లవన్నారు, విమర్శలు వచ్చాక కొద్ది రోజులకే తీసుకున్నారు.

కార్డు చెల్లకపోతే, దాన్ని బ్యాంకు కార్డుతో కొన్నవారు తమ బ్యాంకును 'చార్జ్‌బ్యాక్' అని పేరు పెట్టి అడగాలి. డబ్బు వెనక్కి కావాలని ఊరికే అడిగితే, కొట్టునే అడగమని పంపేస్తారు. గడువు సాధారణంగా 120 రోజులు. క్రెడిట్ కార్డు కొనుగోళ్ళకు రక్షణనిచ్చే సెక్షన్ 75 మీకు పనికిరాదు. వస్తువు ధర 100 పౌండ్లు దాటి 30,000 లోపు ఉంటేనే అది వర్తిస్తుంది. చివరి దారి, అడ్మినిస్ట్రేటర్‌కు 'ప్రూఫ్ ఆఫ్ డెట్' పత్రం పంపి అప్పులవాళ్ళ వరసలో నిలబడటం. ఆ వరసలో తాకట్టు ఉన్న బ్యాంకులు, అడ్మినిస్ట్రేటర్ ఖర్చులు, సిబ్బంది బకాయిలు, పన్నుల శాఖ మీకన్నా ముందుంటాయి. పౌండుకు కొన్ని పెన్నీలు వస్తే గొప్ప.

జీతం విషయంలో మీ పరిస్థితి మెరుగు. ఉద్యోగం తీసేసిన రోజు అడ్మినిస్ట్రేటర్ నుంచి సీఎన్‌తో మొదలయ్యే కేసు నంబరు తీసుకోండి. అది లేనిదే దరఖాస్తు కదలదు. దానితో, మీ నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో ఇలాంటి బకాయిలు చెల్లించే ప్రభుత్వ విభాగం రిడండెన్సీ పేమెంట్స్ సర్వీస్‌కు ఆన్‌లైన్‌లో ఆర్‌పీ1 అనే దరఖాస్తు నింపండి. ఎనిమిది వారాల వరకు జీతం బకాయి, ఆరు వారాల వరకు సెలవు డబ్బు ప్రభుత్వం ఇస్తుంది. వారానికి ఇంత అని పరిమితి ఉంది కానీ 20 గంటల జీతానికి అది అడ్డురాదు. నోటీసు ఇవ్వకుండా తీసేసినందుకు రావాల్సిన డబ్బుకు ఆర్‌పీ2 వేరుగా నింపాలి. ఉద్యోగం పోయినందుకిచ్చే పరిహారం మాత్రం రెండేళ్ళ సర్వీసు ఉంటేనే.

చాలామంది దెబ్బతినేది రుజువుల దగ్గర. కంపెనీ కంప్యూటర్ ఖాతా ఏ రోజయినా ఆగిపోతుంది. పే స్లిప్పులు, డ్యూటీ రోస్టర్లు ఈ రాత్రే మీ ఫోన్‌లోకి దించుకోండి. ఇంకొకటి, మీ కంపెనీ పేరుతో 'చివరి అమ్మకం, 90 శాతం తగ్గింపు' అని వెబ్‌సైటు కనబడితే నమ్మకండి. 2023లో ఇంటి సామాన్లమ్మే విల్కో పడిపోయినప్పుడు ఇలాంటి దొంగ సైట్లు వెలిశాయి.

పిల్లల దగ్గరికి వెళ్తున్నాం. పాత దుకాణాల ఆనవాళ్ళు ఇంకా చూడొచ్చా?
– రిటైర్డ్ లెక్చరర్, కాకినాడ

చూడొచ్చు. తల మాత్రం ఎత్తాలి. కింది అంతస్తు ఎవరిదైనా కావచ్చు, పై అంతస్తు అబద్ధం చెప్పదు.

అన్నిటికన్నా సులువుగా దొరికేవి కోట్లు, ప్యాంట్లు కుట్టి అమ్మిన మాంటేగ్ బర్టన్ భవనాలు. లిథువేనియా నుంచి వచ్చిన ఈయన 1903లో చెస్టర్‌ఫీల్డ్‌లో మొదలుపెట్టాడు. 1930ల నాటి దుకాణాలు ఎక్కువగా వీధి మూలల మీద ఉంటాయి. తెల్లటి పింగాణీ పలకలో, రాయో తొడిగిన గోడ, పైన కోణాల అలంకారం, కొన్నిచోట్ల ఏనుగు తలలు కనిపిస్తాయి. నేల దగ్గర వంగి చూస్తే బర్టన్ కుటుంబంలో ఎవరు, ఏ ఏడు వేశారో చెక్కిన శంకుస్థాపన రాయి దొరుకుతుంది. గుమ్మం ముందు మొజాయిక్‌లోనూ, గాలి జాలీలోనూ పేరు ఉండొచ్చు. పై అంతస్తు చాలాచోట్ల బిలియర్డ్స్ హాలుకు అద్దెకిచ్చేవారు, దానికి పక్క నుంచి వేరే మెట్లు ఉంటాయి.

వూల్‌వర్త్స్ గుర్తుపట్టడం కష్టం. ఎర్ర బోర్డు, బంగారు అక్షరాలు ఎప్పుడో దిగిపోయాయి. వెడల్పాటి ముఖభాగం, లోపల లోతైన ఒకే పెద్ద హాలు, అందులో ఇప్పుడు ఐస్‌లాండో, బీ అండ్ ఎమ్మో, పౌండ్‌ల్యాండో అనే గొలుసు దుకాణం ఉంటే అనుమానించండి. ఒక్క ఐస్‌లాండే 51 వూల్‌వర్త్స్ చోట్లు తీసుకుంది. పక్కనున్న పాత మందుల షాపులోనో, పబ్బులోనో అడగండి. అరవై దాటినవారెవరైనా చూపిస్తారు, ఇక కదలనివ్వరు.

ఆర్గోస్‌లో సరుకు కనబడదంటారు. మరి ఎలా కొనేవారు?
– పాఠకుడు, కరీంనగర్

ముందు దాని పుట్టుక చెప్పాలి. గ్రీన్ షీల్డ్ స్టాంపులని ఉండేవి. ఆరు పెన్నీల కొనుగోలుకు ఒక బిళ్ళ ఇస్తే ఇంటికెళ్ళి పుస్తకంలో అంటించుకోవాలి. ఒక పుస్తకానికి 1,280 బిళ్ళలు, అంటే పౌండుకు 240 పెన్నీల అప్పటి లెక్కన 32 పౌండ్ల ఖర్చు. నిండిన పుస్తకాలిచ్చి కేటలాగులోంచి వస్తువు తీసుకునేవారు. బిళ్ళలకు బదులు డబ్బే తీసుకుంటే సరిపోతుంది కదా అని యజమాని రిచర్డ్ టాంప్‌కిన్స్ 1973లో ఆ కొట్లనే ఆర్గోస్‌గా మార్చాడు.

కేటలాగులో వస్తువు నంబరు చూసి, చిన్న పెన్నుతో చీటీ మీద రాసి, కౌంటరులో డబ్బు కట్టి, మన నంబరు పిలిచేదాకా కూర్చోవాలి. వస్తువు వెనక గోదాములోంచి వస్తుంది. ఒక్క అంకె తప్పు రాస్తే ఇస్త్రీపెట్టె బదులు ఇంకేదో వస్తుంది. అచ్చు కేటలాగు 2020లో ఆపేశారు. కొట్టు మాత్రం సూపర్ మార్కెట్ల కంపెనీ సెయిన్స్‌బరీస్ చేతిలో నడుస్తూనే ఉంది.

హైదరాబాద్ మాల్‌లో మదర్‌కేర్ ఉంది. లండన్‌లో వెతికితే లేదు!
– పాఠకురాలు, కూకట్‌పల్లి

బ్రిటన్‌లో పసిపిల్లల వస్తువులమ్మే మదర్‌కేర్ సొంత దుకాణాలు 2020 జనవరిలోనే మూసేశారు. మన దగ్గర ఆ పేరు రిలయన్స్ చేతిలో ఉంది. 2024లో మదర్‌కేర్‌తో కలిసిన ఉమ్మడి సంస్థలో 51 శాతం కొంది. 1760లో పుట్టిన బొమ్మల కొట్టు హామ్లీస్‌ను కూడా 2019లో రిలయన్సే కొనేసింది. లండన్ రీజెంట్ స్ట్రీట్‌లో మీ పాప బొమ్మ కోసం మారాం చేస్తే, ఆ బిల్లు చివరికి ముంబై చేరుతుంది.

లండన్‌లో పుస్తకాలు, పత్రికలు అమ్మే డబ్ల్యూహెచ్ స్మిత్ కోసం కూడా వెతికారేమో. రైల్వే స్టేషన్లలో, విమానాశ్రయాల్లో ఆ పేరు అలాగే ఉంది. బజారులోని దుకాణాలు 2025లో అమ్ముడయ్యాయి, పేరు మాత్రం అమ్మలేదు. కొన్నవాళ్ళు టీజీ జోన్స్ అని కొత్త బోర్డు పెట్టారు. ఆ జోన్స్ ఎవరని అడగకండి, అలాంటి మనిషి లేడు.