సికిల్ సెల్ మీద మేం రాసిన సంగీత నాటకాన్ని సొంతూళ్ళో వేస్తున్నాం, ఏం మార్చాలి?

భువనేశ్వర్లో చదువుకుంటూ, సికిల్ సెల్ అనే, అమ్మానాన్నల నుంచి వచ్చే రక్త జబ్బున్న మీ ఊరి అబ్బాయి కథను పాటల నాటకంగా రాశామని, అక్కడ మంచి పేరొచ్చిందని, ఇప్పుడు గుణుపూర్లో వేయాలనుకుంటున్నామని రాశారు. ఏమేం మార్చాలని అడిగారు. మేం కూడా ఇదే పని చేశాం కాబట్టి చెబుతున్నాను. మాది పర్లాకిమిడి. విశాఖలో చదివే రోజుల్లో మా ఊరివాళ్ళం కొందరం కలిసి సికిల్ సెల్ మీద సంగీత నాటకం రాశాం. పాటలు నేను రాశాను, హార్మోనియం కూడా నేనే వాయించాను. కథ మా పెద్దమ్మ కొడుకుది.

విశాఖలో చూసినవాళ్ళలో చాలామందికి ఆ జబ్బు పేరే కొత్త. మన వైపు అలా కాదు. ఒడిశాలోని గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో నాటకం వేస్తే ముందు వరసలో ఆ జబ్బున్న పిల్లలే కూర్చుంటారు, పక్కన వాళ్ళ అమ్మలుంటారు. స్టేజీ మీద పిల్లాడికి ఏమైతే తమకూ అదే అవుతుందని ఆ పిల్లలు అనుకుంటారు. అందుకే ముందు ముగింపు చూసుకోండి.

మా నాటకం మొదట్లో బాబు చనిపోవడంతో ముగిసేది. పర్లాకిమిడిలో రిహార్సల్‌కి పెద్దమ్మను పిలిచి కూర్చోబెట్టాం. చివరి పాట దాకా ఓపిగ్గా విని, "మావోడు బతికే ఉన్నాడు కదేటి? నిన్న సైకిలేసుకొని పాతపట్నం ఎల్లొచ్చాడు" అంది. ఆ రాత్రే కూర్చుని ఆఖరి పాట తిరగరాశాం. కొత్త పాటలో బాబు బడికి వెళ్ళే ముందు హైడ్రాక్సీయూరియా వేసుకుంటాడు, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకుంటాడు. ఆ మందు చాలామందిలో నొప్పులు రావడాన్ని బాగా తగ్గిస్తుంది. మధ్యమధ్య రక్తపరీక్షలు చేయిస్తూ డాక్టర్ చెప్పినట్టు వాడాలి. ఏడిపించే పాట పోయినందుకు మా బృందంలో కొందరు బాధపడ్డారు. నాకు మాత్రం ఈ పాటే ఎక్కువ ఇష్టం.

రెండోది, తల్లి మీద నింద. మా నాటకంలో అత్తగారు "మా వంశంలో లేదీ రోగం" అని పాడుతుంది. ఊళ్ళో ఆ మాట పడ్డ కోడళ్ళు ఎదురుగా ఉంటారు. అందుకని దానికి జవాబు ఆ సీనులోనే, మొగుడి నోట చెప్పించాం. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ ట్రెయిట్ (అంటే జబ్బు లేకుండా, ఆ జబ్బు జన్యువు ఒక్కటి మాత్రం ఒంట్లో ఉండటం) ఉంటే ప్రతి కాన్పులోనూ జబ్బుతో పుట్టే అవకాశం 25 శాతం, ట్రెయిట్‌తో పుట్టే అవకాశం 50 శాతం, ఏదీ లేకుండా పుట్టే అవకాశం 25 శాతం. కోడలు పల్లవి ఎత్తుకోగానే మొగుడు లేచి వచ్చి "నీలో ఒకటి, నాలో ఒకటి" అని చరణం అందుకుంటాడు. ఎన్ని పాంప్లెట్లు పంచినా ఎక్కని విషయం ఆ చరణంతో జనానికి ఎక్కింది.

ఊళ్ళో పేరు మార్చినంత మాత్రాన ఎవరి కథో తెలియకుండా పోదు. కాబట్టి అబ్బాయినీ అమ్మానాన్నల్నీ అడిగితే సరిపోదు, పెళ్ళీడుకొచ్చిన అక్కచెల్లెళ్ళుంటే వాళ్ళనీ అడగండి. రేపు సంబంధం చూసేవాళ్ళు ఈ నాటకం గుర్తు చేస్తారు. మా పెద్దమ్మ కూతురు సరేనంది, కానీ తన పాత్ర తీసేయమంది. తీసేశాం.

చలికాలం రాత్రి ఆరుబయట మాత్రం పెట్టొద్దు. ఈ జబ్బులో ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. చలికీ, ఒంట్లో నీళ్ళు తగ్గినా నొప్పులు మొదలవుతాయి. డిసెంబరులో మంచు కురుస్తుంటే అర్ధరాత్రి దాకా ఆ పిల్లల్ని కూర్చోబెట్టి వాళ్ళ గురించే పాడటం ఏం న్యాయం? మేం సాయంత్రం వెలుతురుండగానే మొదలుపెట్టాం. మైకు కంటే ముందు తాగునీళ్ళ డ్రమ్ములు తెప్పించాం. ఆ అబ్బాయి తనే వేషం కడతానంటే కట్టనివ్వండి, కానీ గెంతులేసే పాటలు వద్దు, సీనుకీ సీనుకీ మధ్య నీళ్ళు తాగించండి.

భాష గురించి టెన్షన్ అక్కర్లేదు. పాటలు తెలుగులో ఉంచి, డాక్టరు సీను ఒడియాలో రాసుకోండి. మన ఆసుపత్రుల్లో జరిగేది అలాగే కదా.

నాటకం అయిపోగానే జనం స్టేజీ దగ్గరికొచ్చి "మా గుంటడికీ కాళ్ళూ చేతులూ వాస్తాయి, ఇదేనా?" అని అడుగుతారు. జవాబు చెప్పాల్సింది నటులు కాదు. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ మిషన్ కింద 40 ఏళ్ళలోపు వాళ్ళకు స్క్రీనింగ్ చేస్తున్నారు. ముందే దగ్గర్లోని ఆరోగ్య కేంద్రంలో మాట్లాడి, పరీక్ష చేసేవాళ్ళను ఆ రోజు పిలిపించుకోండి. కుదరకపోతే ఆశా అక్కనైనా కూర్చోబెట్టి, పేర్లు రాయించి, ఏ రోజు ఎక్కడికి రావాలో చెప్పించండి. పేర్లు మైకులో మాత్రం చదవొద్దు.